పాలతో పాటు తొలి ముద్ద

ఫార్మింగ్టన్ హిల్స్‌లోని తెలుగు ఇళ్లలో బిడ్డకు ఆరో నెల దగ్గర పడుతుంటే రెండు ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఒకటి అన్నప్రాసన. రెండోది అమ్మమ్మ తిరుగు ప్రయాణం. విజిటర్ వీసా మీద వచ్చినవారికి ఇక్కడ దిగగానే మామూలుగా ఇచ్చే గడువు ఆరు నెలలు. పురుటికి నెల ముందు వచ్చిన అమ్మమ్మ, బిడ్డకు అయిదో నెల నడుస్తుండగానే సూట్‌కేసు సర్దుకోవాలి. ఆమె వెళ్లాక నానమ్మ, తాతయ్య దిగుతారు. బిడ్డ ఏడుపులో ఏది ఆకలో ఏది నిద్రో తెలిసిన మనిషి వెళ్లిపోయి, కొత్త మనిషి చేతికి గిన్నె వచ్చే రోజుల్లోనే తొలి ముద్ద మొదలవుతుంది. తల్లి అప్పటికే ఉద్యోగంలో చేరిపోయి ఉంటుంది. పిల్లల డాక్టరు ఒక కాగితం ఇస్తారు, రాజమండ్రి నుంచో కరీంనగర్ నుంచో ఫోన్లో ఒక సలహా వస్తుంది, కొట్లో సీసాల మీద మరో మాట రాసి ఉంటుంది. ఎవరి మాట వినాలి?

ఈ గందరగోళంలో చాలా భాగానికి ఇప్పుడు జవాబులు దొరికాయి. గత పాతికేళ్లలో శిశుపోషణ శాస్త్రం కొన్ని విషయాల్లో తన పాత మాటను తానే పూర్తిగా మార్చుకుంది. కొన్నింటిలో మన పెద్దల అలవాటే సరైనదని తేలింది. మరికొన్నింటిలో మన ఇళ్లు ఇంకా వెనకబడే ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎప్పుడు మొదలుపెట్టాలన్న దాని మీద మనం ఎక్కువ మథనపడుతున్నాం. గిన్నెలో ఏముంది, అది ఎంత చిక్కగా ఉంది, ఎలా తినిపిస్తున్నాం అన్న వాటి మీద చాలినంత ఆలోచించడం లేదు. అసలు లోటు అక్కడే ఉంది.

డెట్రాయిట్‌కు వాయవ్యంగా, ఓక్లాండ్ కౌంటీలో ఉన్న ఈ ఊరి జనాభా సుమారు 84 వేలు. కార్ల కంపెనీల్లో, వాటికి విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ అందించే సంస్థల్లో పనిచేసే తెలుగువాళ్లు ఇక్కడా, పక్కనున్న నొవైలోనూ, కాంటన్, ట్రాయ్ ఊళ్లలోనూ స్థిరపడ్డారు. అన్నప్రాసనలు నొవైలోని శ్రీ వేంకటేశ్వర ఆలయంలోనో, ఇంటి బేస్‌మెంట్లోనో జరుగుతాయి. బియ్యం, పెసరపప్పు, రాగిపిండి, నెయ్యి అన్నీ పక్క వీధిలోనే దొరుకుతాయి. దినుసులకు లోటు లేదు. కాబట్టి ఇక్కడి సమస్య పేదరికానిది కాదు, ఎంపికది.

ఆరో నెల సంగతి తేలికైనది కాబట్టి ముందు అది చూద్దాం. గృహ్యసూత్రాలు అన్నప్రాసనకు చెప్పింది ఆరో నెలే. సుశ్రుత సంహిత కూడా ఆరో నెలలోనే తేలికైన, హితమైన అన్నం తినిపించమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే చాలని తీర్మానించింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా ఇంచుమించు ఆరు నెలలని చెబుతూ, 2022లో మరో అడుగు వేసి, తల్లీబిడ్డలకు ఇష్టమైతే తల్లిపాలు రెండేళ్లు, ఆ పైన కూడా కొనసాగించవచ్చని అంది. నాలుగు నెలలు నిండకముందు ఘనాహారం వద్దన్న దాంట్లో భేదాభిప్రాయం లేదు. నాలుగుకీ ఆరుకీ మధ్య ఉన్న సందు గురించే డాక్టర్లు తలో మాట అంటారు. అక్కడ తేల్చి చెప్పేది బిడ్డే. మెడ నిలబడాలి, కాస్త ఆసరా ఇస్తే కూర్చోవాలి, నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టేయడం మానాలి, మనం తింటుంటే చూసి నోరు తెరవాలి. ఇవన్నీ కనిపించాక ఆగనక్కర్లేదు, కనిపించకముందు తొందరపడనక్కర్లేదు.

అబ్బాయికి సరి నెల, అమ్మాయికి బేసి నెల అన్న ఆచారం మన ఇళ్లలో ఉంది. అమ్మాయికి అయిదో నెలలో ముహూర్తం కుదిరితే ఆ రోజు పరమాన్నం నాలుకకు తాకించి ఊరుకోవచ్చు, అసలు తిండి తర్వాత మొదలవుతుంది. ఏడో నెలకో, అబ్బాయికి ఎనిమిదో నెలకో ముహూర్తం జరిగితే మాత్రం బిడ్డను అందాకా ఆపకూడదు. బంధువులందరూ కలిసే సెలవుల కోసం, ఇండియా ప్రయాణం కోసం అన్నప్రాసనను వెనక్కి జరుపుకునే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. వేడుకను జరుపుకోండి, ఆకలిని మాత్రం జరపకండి. ఇంకో మాట. ఆ పరమాన్నంలో తేనె చుక్క కూడా పడకూడదు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఏడాది లోపు బిడ్డ పేగుల్లో మొలకెత్తి, బోటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెస్తాయి. ఇంట్లో మరిగించినంత మాత్రాన ఆ బీజాలు చావవు. పూజకు తేనె ఉంటే పళ్లెంలోనే ఉండనివ్వండి.

ఘనాహారం ఎప్పుడు మొదలుపెట్టాలన్న విషయంలో అమెరికా నడిచిన దారి మనకన్నా వంకరది. 1950, 60 దశకాల్లో ఇక్కడ నెలా రెండు నెలల పసికందుకే సిరియల్ పెట్టడం మామూలు. దానికి ఒక కారణం మిషిగన్‌లోనే పుట్టింది. ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి వాయవ్యంగా కారులో సుమారు మూడు గంటల దూరంలో ఫ్రీమాంట్ అనే చిన్న ఊరు ఉంది. 1927లో డొరతీ గెర్బర్ అనే తల్లి, తన కూతురి కోసం కూరగాయలు ఉడికించి జల్లెడ పట్టలేక, ఆ పని మీ క్యానింగ్ ఫ్యాక్టరీలోనే చేయొచ్చు కదా అని భర్తను అడిగింది. 1928లో వడకట్టిన బఠాణీ, క్యారెట్, పాలకూర, ప్రూన్, గొడ్డుమాంసంతో చేసిన కూరగాయల సూప్ డబ్బాలు మార్కెట్లోకి వచ్చాయి. గెర్బర్ పేరు అలా ప్రపంచమంతా పాకింది. ఇప్పుడది నెస్లే చేతిలో ఉంది. డబ్బా మూత తీస్తే చాలు అన్న సౌకర్యం వచ్చాక, పెట్టే వయసు చకచకా కిందికి దిగింది. దాన్ని మళ్లీ ఆరు నెలల దగ్గరికి తేవడానికి వైద్యులకు దశాబ్దాలు పట్టింది.

ఘనాహారం మొదలైనా పాలు మాత్రం ఆగవు. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు రోజుకు కావలసిన శక్తి సుమారు 615 కిలో క్యాలరీలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తల్లిపాలు బాగా తాగే బిడ్డకు అందులో పైతిండి నుంచి రావాల్సింది దాదాపు 200. తొమ్మిది నుంచి పదకొండు నెలల మధ్య ఇది 300కు, ఏడాది దాటాక 550కి పెరుగుతుంది. అంటే మొదట్లో మూడింట రెండొంతులు పాలదే. మా వాడు రెండు చెంచాలే తిన్నాడు అని దిగులుపడే తల్లి ఈ అంకెలు చూస్తే కుదుటపడవచ్చు. తల్లిపాలు కాక ఫార్ములా తాగే బిడ్డకూ ఇదే వరస. 2022లో మిషిగన్‌లోని స్టర్జిస్‌లో అబాట్ కర్మాగారం మూతపడి దేశమంతా ఫార్ములా పాలకు కటకట వచ్చినప్పుడు, పొడిని పలచన చేసి కలపొద్దని, ఇంట్లో ఫార్ములా తయారు చేయొద్దని డాక్టర్లు గట్టిగా హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఇప్పటికీ వర్తిస్తుంది. కొలత ప్రకారం కలిపిన పాలే పాలు.

రెండు వందల క్యాలరీలు తక్కువే కావచ్చు, కానీ అవి ఏ రూపంలో పొట్టలోకి వెళ్తున్నాయన్నది చూడాలి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

"ఇంత గట్టిగా పెడితే వాడికి అరుగుతుందటే? కాస్త నీళ్లు పోసి జారుగా చెయ్యి."

"డాక్టర్ గారు చెంచా వంచితే కారకుండా ఉండాలన్నారమ్మా."

"డాక్టర్ గారు పెంచలేదు కదే నిన్ను, నేను పెంచాను."

ఈ మాటలు ఇక్కడ ఏ వంటింట్లో విన్నా ఆశ్చర్యం లేదు. తల్లి మాట చల్లదు, జావ పలచనవుతుంది. గొంతు పడుతుందన్న భయం, అజీర్తి చేస్తుందన్న భయం పెద్దావిడవి. అవి ప్రేమలోంచి పుట్టినవే. కానీ లెక్క వేరుగా ఉంది. వంద మిల్లీలీటర్ల తల్లిపాలలో సుమారు 65 నుంచి 70 క్యాలరీలు ఉంటాయి. పలచని పప్పు కట్టులో, గంజి నీళ్లలో, జారుడు రాగి జావలో అంతకన్నా బాగా తక్కువ. ఈ వయసు బిడ్డ పొట్టలో ఒక పూట పట్టేది మహా అయితే చిన్న గిన్నెడు. ఆ చోటును నీళ్లతో నింపితే, అంతకన్నా బలమైన పాలను పక్కకు నెట్టి బలహీనమైనదాన్ని పోసినట్టే. ముద్దను చెంచాలోకి తీసి చెంచాను పక్కకు వంచి చూడండి. కారిపోతే పలచన. గట్టిగా అంటుకుని రాకపోతే ఎక్కువ గట్టి. మెల్లగా జారి, అంచు దగ్గర ఒక క్షణం నిలబడితే సరిపోయింది. అర చెంచా నెయ్యో, నూనో కలిపితే పరిమాణం పెరగకుండా శక్తి పెరుగుతుంది.

మన అమ్మమ్మల ఉగ్గులో ఒక గొప్ప తెలివి దాగి ఉంది, దాన్ని గుర్తించి వాడుకోవాలి. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి పిండి చేసే పద్ధతి అది. మొలక వచ్చినప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది. అది పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తుంది కాబట్టి, మొలకల పిండితో జావ కాస్తే ఎక్కువ పిండి వేసినా జారుగానే ఉంటుంది. గొంతు పడదు, క్యాలరీలు తగ్గవు. పెద్దావిడ భయమూ తీరుతుంది, డాక్టరు మాటా నెగ్గుతుంది. మామూలు పిండితో కాసిన చిక్కటి జావలో చెంచాడు మొలకల పిండి కలిపినా అది పలచబడుతుంది. బరోడాలో పోషకాహార శాస్త్రవేత్తలు 1980ల్లో దీని మీద చాలా పనిచేశారు. ఇక్కడి దుకాణాల్లో మొలకెత్తిన రాగిపిండి ప్యాకెట్లలో దొరుకుతోంది, ఇంట్లో చేసుకోవడమూ కష్టం కాదు.

ఇక ఐరన్. దీని దగ్గర కాసేపు నిలబడాలి, ఎందుకంటే మన ఇళ్లలో అన్నింటికన్నా పెద్ద లోటు ఇదే. బిడ్డ కడుపులో ఉండగా తల్లి నుంచి తెచ్చుకున్న ఐరన్ నిల్వ ఇంచుమించు ఆరో నెలకు కరిగిపోతుంది. తల్లిపాలలో ఉండే ఐరన్ చాలా తక్కువ, లీటరుకు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. అమెరికాలో 7 నుంచి 12 నెలల బిడ్డకు రోజుకు 11 మిల్లీగ్రాములు కావాలని నిర్ణయించారు. వయసు వచ్చిన మగవాడికి చెప్పింది 8 మాత్రమే. ఎనిమిది కిలోల పసివాడికి తండ్రికన్నా ఎక్కువ ఐరన్ కావాలి. ఒంట్లో రక్తం, కండ, మెదడు అంత వేగంగా పెరిగే ఏడాది మనిషి జీవితంలో మళ్లీ రాదు. ఈ ఏడాదిలో ఐరన్ లోటు పడితే దాని ప్రభావం తర్వాత చదువు మీద, ఏకాగ్రత మీద కనిపిస్తుందని చాలా పరిశోధనలు చెప్పాయి.

రాగిలో ఐరన్ బోలెడు అన్న మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. లెక్క చూడండి. వంద గ్రాముల రాగిలో సుమారు నాలుగున్నర మిల్లీగ్రాములు ఉంటుంది. బిడ్డ పూటకు తినేది ఇరవై గ్రాముల పిండి. అంటే ఒక మిల్లీగ్రాము కూడా రాదు. అందులోనూ ఫైటేట్ అనే పదార్థం అడ్డుపడటం వల్ల ఒంటికి పట్టేది కొద్దిపాటే. పెసరపప్పుదీ అదే కథ. రాగిలో క్యాల్షియం మాత్రం నిజంగానే పుష్కలం, వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుంది, అందుకోసం పెట్టండి. ఐరన్ కోసం రాగిని నమ్ముకుంటే బిడ్డ నష్టపోతుంది. మాంసాహారులు మెత్తగా ఉడికించి రుబ్బిన చికెన్, మటన్, కొద్దిగా లివర్ ఆరో నెల నుంచే పెట్టవచ్చు. ఏడాది నిండాకే మాంసం అనే అలవాటుకు ఆధారం లేదు. శాకాహార కుటుంబాలకు ఐరన్ కలిపిన శిశు సిరియల్ మంచి సాధనం. పావు కప్పు పొడిలోనే రోజుకు కావలసినదాంట్లో సగం దాకా దొరుకుతుంది, డబ్బా వెనక చూసి కొనండి. పప్పన్నంలో నిమ్మరసం పిండినా, టమాటా వేసినా, తర్వాత నారింజ తొన నాకించినా విటమిన్ సి వల్ల ఐరన్ ఎక్కువగా ఒంటికి పడుతుంది. కేవలం తల్లిపాల మీద ఉన్న బిడ్డకు నాలుగో నెల నుంచి, ఐరన్ ఉన్న తిండి కుదురుకునేదాకా, కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము చొప్పున చుక్కలు వేయాలని అకాడమీ 2010లోనే సూచించింది. డాక్టరు ఆ మాట ఎత్తకపోతే మీరే అడగండి.

శాకాహార తల్లులకు ఇంకో హెచ్చరిక. బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు. తల్లిలో అది తక్కువైతే పాలలోనూ తక్కువే. పూర్తిగా తల్లిపాల మీదే చాలాకాలం పెరిగిన బిడ్డల్లో వణుకు, మందగించిన ఎదుగుదలతో వచ్చే ఒక జబ్బును భారతీయ వైద్యులు దశాబ్దాల కిందటే గుర్తించారు. పెరుగు, పాలు రోజూ తీసుకునే తల్లికి ఈ ప్రమాదం తగ్గుతుంది. అవి కూడా తీసుకోనివారు మాత్ర వేసుకోవాలి.

ఈ లోటు అమెరికా తెలుగువాళ్లకే పరిమితం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. దేశంలో 6–23 నెలల పిల్లల్లో చాలినంత తిండి తింటున్నవారు తొమ్మిది మందిలో ఒకరే. చాలినంత అంటే అన్నిసార్లు, అన్ని రకాలు. తల్లిపాలు, ధాన్యాలు, పప్పులూ గింజలూ, పాల పదార్థాలు, మాంసమూ చేపలూ, గుడ్లు, విటమిన్ ఎ ఎక్కువున్న కూరగాయలూ పండ్లూ, మిగతా కూరగాయలూ పండ్లూ అనే ఎనిమిది వర్గాల్లో రోజుకు కనీసం అయిదు బిడ్డ నోట్లో పడాలని ప్రమాణం. పెరుగన్నం, పప్పన్నం, నెయ్యి, తల్లిపాలు ఉన్న ఇంట్లో కూడా లెక్కకు వచ్చేవి నాలుగే. గుడ్డో, గుమ్మడికాయో, బొప్పాయో చేరితే అయిదవుతాయి. అంత దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాం.

బియ్యం మన ప్రాణం కాబట్టి బియ్యం గురించి వచ్చిన భయాన్ని కూడా తేల్చుకోవాలి. వరి నీళ్లలో పెరుగుతుంది, నేలలోని ఆర్సెనిక్‌ను మిగతా ధాన్యాలకన్నా ఎక్కువగా పీల్చుకుంటుంది. 2020లో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ శిశువుల రైస్ సిరియల్‌లో ఇనార్గానిక్ ఆర్సెనిక్‌కు బిలియన్‌కు 100 భాగాలని హద్దు పెట్టింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం బజారు శిశు ఆహారాల్లో భార లోహాలున్నాయని నివేదిక ఇచ్చింది. తల్లిదండ్రులు బెంబేలెత్తారు. దీనికి బియ్యం మానేయడం జవాబు కాదు. ఎక్కువ నీళ్లు పోసి ఉడికించి గంజి వారిస్తే ఇనార్గానిక్ ఆర్సెనిక్ 40 నుంచి 60 శాతం దాకా తగ్గుతుందని ఎఫ్‌డీఏనే చెబుతోంది. ఒక వంతు బియ్యానికి ఆరు నుంచి పది వంతుల నీళ్లు. మన నాయనమ్మలు కట్టెల పొయ్యి మీద చేసిందదే. కుక్కర్లు వచ్చాక వార్చడం పోయింది. బిడ్డకు వండేటప్పుడైనా వార్చిన అన్నం పెట్టడం మేలు, ఆ గంజి బిడ్డకు తాగించకుండా ఉండటం ఇంకా మేలు. భారత్, పాకిస్తాన్ బాస్మతిలో ఆర్సెనిక్ మిగతా రకాలకన్నా తక్కువని పరీక్షల్లో తేలింది. వాటన్నింటికన్నా మంచిది మార్చి మార్చి పెట్టడం. సోమవారం అన్నమైతే మంగళవారం ఓట్స్, బుధవారం రాగి, తర్వాత గోధుమ రవ్వ.

సీసం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ బంగ్లాదేశ్‌లోనూ, మన దేశంలో కొన్నిచోట్లా పరిశోధకుల కంటపడింది. 2023లో అమెరికాలో దాల్చినచెక్క కలిపిన ఆపిల్ గుజ్జు పౌచ్‌లలో సీసం బయటపడి వెనక్కి తీసుకున్నారు. ఊరి నుంచి విడిగా కొని తెచ్చిన పసుపు బిడ్డ పప్పులో వేయకపోతే పోయేదేమీ లేదు. ఇంటి కాటుక విషయమూ అంతే. పిల్లలందరికీ ఏడాదికీ, రెండేళ్లకీ సీసం పరీక్ష చేయాలని మిషిగన్ 2023లో చట్టం చేసింది. ఆ పరీక్షకు వెళ్లినప్పుడు ఇంట్లో వాడే మసాలాల గురించి, కాటుక గురించి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

శాస్త్రం తన మాటను తలకిందులుగా మార్చుకున్న చోటు పల్లీలది. 2000లో అమెరికన్ అకాడమీ, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకు పల్లీలు మూడేళ్ల దాకా, గుడ్డు రెండేళ్ల దాకా పెట్టొద్దంది. అలర్జీలు తగ్గలేదు, పెరిగాయి. 2008లో ఆ సలహాను ఉపసంహరించుకుంది. అదే ఏడాది లండన్‌లో గిడియాన్ లాక్ బృందం ఒక పోలిక బయటపెట్టింది. బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో పల్లీ అలర్జీ, ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లలకన్నా పది రెట్లు ఎక్కువ. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలు బాంబా అనే పల్లీ చిరుతిండి తినడమే కారణమై ఉంటుందా? దాన్ని తేల్చడానికి ఎగ్జిమా అనే చర్మవ్యాధి లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసివాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పల్లీ పెట్టారు, ఇంకో జట్టుకు పెట్టలేదు. 2015లో ఫలితం వచ్చింది. అయిదేళ్ల వయసుకు పల్లీకి దూరంగా ఉన్నవారిలో 17 శాతానికి అలర్జీ వచ్చింది, తిన్నవారిలో 3 శాతానికే. 2017లో అమెరికా కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. తీవ్రమైన ఎగ్జిమాగానీ గుడ్డు అలర్జీగానీ ఉన్న బిడ్డకు డాక్టరు పరీక్ష తర్వాత నాలుగు నుంచి ఆరు నెలల మధ్యే, కొద్దిపాటి ఎగ్జిమా ఉంటే ఆరో నెల ప్రాంతంలో, ఏమీ లేకపోతే మిగతా తిండితో పాటే. అమెరికా పిల్లల రికార్డుల మీద 2025లో వచ్చిన అధ్యయనం పల్లీ అలర్జీ తగ్గుముఖం పట్టిందని చూపింది.

పల్లీ చట్నీ, పల్లీ పొడి లేని తెలుగిల్లు ఉండదు. అయినా ఇక్కడికి వచ్చాక డేకేర్‌లో నట్ ఫ్రీ బోర్డు చూసి ఇంట్లో కూడా బిడ్డకు పల్లీ దాచేస్తున్నారు. ఆ బోర్డు అలర్జీ ఉన్న పిల్లల రక్షణ కోసం, మీ బిడ్డ పళ్లెం కోసం కాదు. వేయించి పొట్టు తీసిన పల్లీలను నూనె తేలేదాకా మెత్తగా నూరి, రెండు చెంచాలు వేడి నీళ్లలోనో జావలోనో కలిపి పెట్టండి. మొదటిసారి చెంచా చివర మాత్రం పెట్టి పది నిమిషాలు చూడండి. దద్దుర్లు, వాంతి, ఊపిరి ఇబ్బంది లేకపోతే మిగతాది. ఆ తర్వాత వారానికి మూడుసార్లు వదలకుండా. ఒకసారి పెట్టి మానేస్తే లాభం లేదు. గుడ్డు, నువ్వులు కూడా ఇదే వరసలో. గింజ గింజగా ఉన్న పల్లీ మాత్రం నాలుగేళ్ల దాకా వద్దు, అది గొంతుకు అడ్డం పడుతుంది.

గొంతుకు అడ్డం పడటం గురించి మనవాళ్ల భయం సహేతుకమే, కానీ ఆ భయంతో ఏడాది దాకా అన్నీ మిక్సీలో వేసి పెట్టడం పొరపాటు. ఎనిమిది, తొమ్మిది నెలలకు మెత్తని ముక్కలు నమలడం అలవాటు కావాలి. బిడ్డ చేతికే ముక్కలిచ్చి తిననిచ్చే పద్ధతిని న్యూజిలాండ్‌లో 206 మంది పిల్లల మీద పరీక్షించి చూస్తే, సరైన ముక్కలిచ్చిన చోట గొంతుకు అడ్డం పడటం ఎక్కువ కాలేదు. మన ఇడ్లీకి మించిన ముక్క ఇంకేముంది? వేలు పొడవున కోసి పిడికిట్లో పెడితే బిడ్డే తింటుంది. ఓకరింపు శబ్దం చేస్తూ మొహం ఎర్రబడితే అది బిడ్డ నేర్చుకుంటున్నట్టు, కంగారుపడి వేలు పెట్టి తీయకూడదు. శబ్దమే లేకుండా నీలబడితే అది ప్రమాదం. ద్రాక్ష, జంతికలు, పచ్చి క్యారెట్, పాప్‌కార్న్ దగ్గరికి రానివ్వకూడదు. ఊరి నుంచి వచ్చిన తాతయ్య, నానమ్మలతో సహా బిడ్డను చూసుకునేవారందరూ పసిపిల్లల సీపీఆర్ ఒకసారి నేర్చుకోవాలి.

ఎలా తినిపించాలన్న ప్రశ్నకు నాకు తెలిసిన అతి మంచి జవాబు మన నేల మీదే దొరికింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ జిల్లాలో 60 పల్లెలను మూడు జట్లుగా విడదీసి, 600 మంది తల్లీబిడ్డలను మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా చూశారు. ఒక జట్టుకు అంగన్‌వాడీ సేవలు మాత్రమే. రెండో జట్టుకు వాటితో పాటు ఇంటికి వెళ్లి ఏం పెట్టాలో చెప్పారు. మూడో జట్టుకు ఏం పెట్టాలో చెబుతూనే, బిడ్డ ఆకలి సైగలు ఎలా గుర్తించాలి, బలవంతం లేకుండా ఎలా తినిపించాలి, ఎలా ఆడించాలి అన్నవీ చెప్పారు. 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏం పెట్టాలో చెప్పిన రెండు జట్లలోనూ పిల్లల తిండి మెరుగుపడింది. మూడో జట్టు పిల్లల మానసిక ఎదుగుదల కొలతలు కూడా పెరిగాయి. అవే పల్లెలు, అవే బియ్యం, పప్పులు. తినిపించే మనిషి బిడ్డ కళ్లలోకి చూసి, మాట్లాడి, తల తిప్పుకుంటే ఆగడం వల్ల వచ్చిన తేడా అది.

ఇక్కడి హైచెయిర్ ముందు చాలాసార్లు ఫోను ఉంటుంది. పాటల వీడియో ఆడుతుంటే బిడ్డ నోరు దానంతట అదే తెరుచుకుంటుంది, ముద్ద లోపలికి పోతుంది, గిన్నె ఖాళీ అవుతుంది. కానీ కడుపు నిండిందన్న సంగతి బిడ్డకు తెలియదు, ఏం తింటోందో తెలియదు. పద్దెనిమిది నెలల లోపు బిడ్డకు వీడియో కాల్ తప్ప మరే తెరా వద్దని అకాడమీ చెబుతోంది. చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టిన జాతి మనది. అప్పుడు బిడ్డ చందమామతో పాటు అమ్మ ముఖాన్నీ చూసేది. మిషిగన్ జనవరిలో వాకిట్లోకి వెళ్లలేకపోవచ్చు, కిటికీ పక్కన కూర్చోవచ్చు.

డబ్బా తిండి గురించి నాలుగు మాటలు చాలు. సూట్‌కేసులో వచ్చే సెరిలాక్ మీద 2024లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ నివేదిక ఇచ్చింది. భారత్‌లో అమ్మే రకాల్లో పూటకు సగటున దాదాపు మూడు గ్రాముల చక్కెర కలిపి ఉందని, స్విట్జర్లాండ్‌లో అమ్మేదాంట్లో లేదని చూపింది. ఆ తర్వాత చక్కెర కలపని రకాలూ వచ్చాయి, కొనేటప్పుడు వెనకవైపు చదవాలి. రెండేళ్ల లోపు పిల్లలకు చక్కెర కలపొద్దని అమెరికా ఆహార మార్గదర్శకాలు 2020లో పసిపిల్లలను చేర్చుకున్నప్పుడే చెప్పాయి. పండ్లరసం ఏడాది దాకా వద్దు. ఉప్పు, బెల్లం ఏడాది దాకా లేకపోతే బిడ్డకు లోటు తెలియదు, తెలిసేది మనకే. పోషకాహార సంస్థ రూపొందించిన హైదరాబాద్ మిక్స్‌లో వేయించిన గోధుమలు, శనగపప్పు, పల్లీలు, బెల్లం ఉంటాయి. బెల్లం తీసేసి, మిగతా మూడూ దోరగా వేయించి మిక్సీలో పొడి చేసి డబ్బాలో పెట్టుకుంటే ఇక్కడి ఏ ఖరీదైన ప్యాకెట్‌కూ తీసిపోదు. తిండితో పాటు మరవకూడనిది ఇంకొకటి ఉంది. చలికాలం ఎండ తక్కువ కాబట్టి తల్లిపాల బిడ్డకు పుట్టినప్పటి నుంచీ రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు ఉండాలి.

చివరగా ఏడాది దాటాక మన ఇళ్లలో జరిగేది. పన్నెండో నెలదాకా ఆవుపాలు తాగుడు పాలుగా వద్దని ఇక్కడి డాక్టర్లు అంటారు, పెరుగు మాత్రం ఆరో నెల నుంచే మంచిది. ఏడాది నిండగానే గ్యాలన్ క్యాన్ ఇంట్లోకి వస్తుంది, సీసా తర్వాత సీసా నడుస్తుంది. పాలు తాగితే బలం అన్న నమ్మకంతో అన్నం తినని పూట కూడా పాలతో సరిపెడతారు. ఆవుపాలలో ఐరన్ లేనట్టే, పైగా తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. రోజుకు అయిదారు సీసాలు తాగే పద్నాలుగు నెలల బిడ్డ చూడటానికి బొద్దుగా ఉంటుంది, హిమోగ్లోబిన్ పరీక్షలో మాత్రం రక్తహీనత బయటపడుతుంది. రోజుకు రెండు నుంచి మూడు కప్పులు, అంటే 16 నుంచి 24 ఔన్సులు దాటకూడదు. సీసా నుంచి కప్పుకు మార్చండి, రాత్రి నిద్రలో సీసా ఆపండి. ముందు అన్నం పెట్టండి, పాలు తర్వాత ఇవ్వండి.